తప్పు, పాపం, నేరం

మన భాషలో మూడు మాటలున్నాయి. పిల్లవాడు పళ్ళెంలో అన్నం వదిలేసి లేచిపోతే "తప్పు, అలా పారెయ్యకూడదు" అంటాం. వాడే వీధిలో కుక్కపిల్ల మీద రాయి విసిరితే "పాపం రా!" అంటాం. మూడోది నేరం. ఈ మూడో మాట మాత్రం మన వంటిళ్ళలోకి రాదు. పేపర్లో చదువుతాం, కోర్టుల్లో ఉంటుందని వింటాం, అంతే.

వీటిలో 'పాపం' అన్న మాట తమాషా చూశారూ! చేసినవాడి చెడ్డపనీ పాపమే, పడ్డవాణ్ణి చూసి మనం అనేదీ "అయ్యో, పాపం!" అనే. ఆ ఒక్క మాటలో చేసినవాడూ ఉన్నాడు, పడ్డవాడూ ఉన్నాడు. పెద్దవాళ్ళు ఆలోచించి పెట్టారో, అలా కుదిరిపోయిందో గాని, చెడ్డపని అంటూ ఒకటుంటే దానివల్ల బాధపడ్డ ప్రాణి కూడా ఒకటుండాలని ఆ మాటే చెబుతోంది. నేరం అన్న మాటలో ఆ రెండో మనిషి కనబడడు.

ఈ పేజీలో మనం నవలల గురించీ కథల గురించీ మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి నేను చట్టాలు చదివాను. కథలు చదివినట్టే చదివాను. నవ్వకండి, చట్టంలో ప్రతి సెక్షనూ ఒక చిట్టికథే! ఒకడు ఒక పని చేస్తాడు. దానివల్ల ఇంకొకరికి కష్టమో నష్టమో కలుగుతుంది. చివరికి చేసినవాడికి శిక్ష పడుతుంది. దొంగతనం కథలో గొలుసు పోగొట్టుకున్న ఇల్లాలుంటుంది. వరకట్నం కథలో కన్నీళ్ళు కార్చే కోడలుంటుంది. ఆ రెండో పాత్ర లేకపోతే కథే లేదు.

కాని చట్టాల పుస్తకంలో రెండో పాత్ర లేని కథలు కూడా ఉన్నాయి. పని చేసినవాడున్నాడు, శిక్ష ఉంది, ఏడ్చినవాళ్ళు మాత్రం ఎక్కడా లేరు. వీటిని బాధితులు లేని నేరాలంటారు. ఎడ్విన్ షుర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1965లో ఇలాంటి పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. వీటిని నేరాల జాబితాలోంచి తీసెయ్యాలన్న వాదం చాలా దేశాల్లో ఉంది. మన దేశంలోనూ కొన్నింటిని తీసేశారు. తీసేసినప్పుడల్లా మనలాంటి ఇళ్ళల్లో వినబడే మాట ఒకటే: "ఇక అడ్డూ అదుపూ ఉంటుందా?" కొట్టిపారేయాల్సిన మాట కాదది. అందుకే నేను చదివినవాటిలో నాలుగు కథలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది మన నేల మీద రాసినదే. వికారాబాద్, తాండూరు ఒకప్పుడు నైజాం రాజ్యంలోవని మీకు తెలుసు. ఆ రాజ్యంలో 1329 ఫసలీలో ఒక చట్టం వచ్చింది. ఫసలీ అంటే పంటల లెక్క సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే 1919 అన్నమాట. దాని పేరు నపుంసకుల చట్టం. బ్రిటిషువాళ్ళు 1871లో కొన్ని కులాలకి కులాలనే పుట్టుకతో నేరస్థులని ముద్ర వేస్తూ చేసిన చట్టంలో హిజ్రాల గురించి కూడా ఒక భాగం ఉండేది. మనవాళ్ళు చేసినదీ ఆ అచ్చులో పోసినదే.

ఇందులో ఏముందంటే, హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు ప్రకటించిన మరే ఊళ్ళోనైనా అనుమానం కలిగిన హిజ్రాల పేర్లూ చిరునామాలూ ఒక రిజిస్టర్లో ఎక్కించాలి. రిజిస్టర్లోకి ఎక్కిన మనిషి ఆడవాళ్ళ బట్టలు కట్టుకునిగాని, నగలు పెట్టుకునిగాని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. పాడినా ఆడినా అంతే. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వీధిలోకి రానక్కర్లేదు సుమండీ! వీధిలోవాళ్ళకి కనబడాలని ఇంట్లో నుంచున్నా నేరమే. చీర కట్టుకుని మన కిటికీ దగ్గర మనం నిలబడితే జైలు. ఊహించుకోండి!

ఈ కథలో రెండో పాత్ర ఎవరు? చీర ఎవరికి ఏం నష్టం చేసింది? ఎంత వెతికినా నాకు దొరకలేదు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం చట్టంలో ఉంది, నిజమే. పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎవరు చేసినా నేరమే. దానికి వేరే చట్టం ఎప్పుడూ ఉంది. ఇది మాత్రం చేసినవాణ్ణి వదిలి, చీర కట్టినవాళ్ళ మీద పడింది.

నైజాం పోయాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ఈ చట్టం మాత్రం పేరు ముందు రాష్ట్రం పేరు మార్చుకుంటూ పుస్తకంలో అలాగే కూర్చుంది. వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు 2018లో హైకోర్టు మెట్లెక్కారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి.భాస్కర్ రెడ్డి ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. ఒక సముదాయాన్ని మొత్తంగా నేరస్థుల్ని చెయ్యడం మనిషి మర్యాదకి భంగమన్నారు. అంతటితో ఊరుకోకుండా, వాళ్ళకి ఆసరా పింఛను ఇవ్వమని కూడా చెప్పారు. ఆ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

వికారాబాద్ నుంచి తాండూరుకి పాసింజరు బండిలో వెళ్ళేవాళ్ళకి ధారూరు దాటేసరికి ఒక్కోసారి చప్పట్ల మోత వినబడుతుంది. జడలో కనకాంబరాలు, చేతినిండా గాజులు. ఆ గాజుల చెయ్యి మన ముందుకి రాగానే మనమంతా కిటికీలోంచి కంది చేలను మహా శ్రద్ధగా చూడడం మొదలుపెడతాం. తాండూరులో మా వదినకి ఈ తీర్పు సంగతి చెబితే ఆవిడ ఊరుకోలేదు. "అదంతా మంచిగనే ఉంది వదినా. పది రూపాయలు ఇచ్చేదాకా కదలరు గదా! ఇయ్యకుంటే తిట్లు గూడ తిడతరు. మరి గదేంది?" అంది.

మంచి ప్రశ్న. మీద పడి డబ్బు గుంజుకుంటే అక్కడ రెండో పాత్ర ఉంది. బెదిరిపోయిన ప్రయాణికురాలు ఆ పాత్ర. అది చీర కట్టినవాళ్ళు చేసినా, పంచె కట్టినవాళ్ళు చేసినా నేరమే. ఆ చట్టాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. కొట్టేసింది చీర కట్టడాన్ని నేరమన్న చట్టాన్ని. పైగా నూరేళ్ళు పనీ ఇల్లూ దొరక్కుండా చేసి, చెయ్యి చాపుతున్నారేమిటని అడగడం మనకి అంత బాగుండదు.

రెండో కథలో రెండో పాత్ర ఉంది. కాని ఆ పాత్రకే బేడీలు వేశారు. భారత శిక్షాస్మృతిలో 309వ సెక్షను ఉండేది. ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డ మనిషికి ఏడాది దాకా జైలో, జరిమానావో, రెండూనో వెయ్యవచ్చునన్నది దాని సారాంశం. చచ్చిపోతే శిక్ష లేదు, బతికితే శిక్ష! ఎంత గొప్ప రచయిత అయినా ఇంత చేదైన ముగింపు రాయలేడు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. తాండూరులో నాపరాళ్ళు కోసే మిషన్ల చప్పుడు వినబడే వీధి ఒకటి. అక్కడ కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల తాగకూడనిదేదో తాగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కాని ఆ ఇంటి పెద్దవాళ్ళు ముందు గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో మాట్లాడుకున్నారు. "పోలీసోళ్ళకు తెలిస్తే పిల్ల జైలుకు పోతది, మన ఇజ్జత్ పోతది. కడుపునొప్పి అని చెప్పున్రి" అన్నదొకావిడ. కడుపునొప్పి అనే చెప్పారు. ఏం జరిగిందో డాక్టరుకి తెలిసేసరికి ఎంతో పొద్దు పోయింది. దేవుడి దయ, పిల్ల బతికింది. ఆ వీధిలో ఆ రోజు 309వ సెక్షను చేసిన పనల్లా డాక్టరుకి నిజం తెలియకుండా ఆపడం. ఆ పిల్లకి అంత కష్టం ఏం వచ్చిందని అడిగిన మనిషి ఆ వీధిలో ఒక్కరూ లేరు. అందరికీ కేసు భయమే!

ఈ సెక్షను కోర్టుల్లో ఎన్ని మలుపులు తిరిగిందో చూస్తే మన డైలీ సీరియళ్ళు ఏ మూలకి? 1986లో బొంబాయి హైకోర్టు చెల్లదంది. 1987లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందంది. 1994లో సుప్రీంకోర్టు చెల్లదంది. 1996లో అదే సుప్రీంకోర్టు చెల్లుతుందంది. ఈ సెక్షన్ని మనకి అంటగట్టిన ఇంగ్లండు తన ఇంట్లో 1961లోనే ఇలాంటి చట్టాన్ని వదిలించుకుంది. చివరికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం చేయించి మళ్ళీ అలా జరగకుండా చూడడం ప్రభుత్వం బాధ్యత అని అందులో రాశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేనే లేదు. ప్రభుత్వ ఉద్యోగిని తన విధి చెయ్యకుండా అడ్డుకోవడానికో, బలవంతపెట్టడానికో ఆ పనికి పూనుకుంటే మాత్రం 226వ సెక్షను కింద నేరమే.

"నేరం కాదంటే మంచిదనా?" అని అడుగుతారు. ముమ్మాటికీ కాదు. ఎవరైనా అలాంటి ఆలోచనలో ఉంటే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మనం చెప్పాల్సింది ఆ నంబరు. అనాల్సింది "అయ్యో, ఏమైందమ్మా?" అన్న మాట.

మూడో కథ మన ఆడవాళ్ళని బాగా కంగారుపెట్టినది. 497వ సెక్షను. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పక్కింటావిడ "ఇంకేముందండీ, మొగుళ్ళకి పట్టపగ్గాలుండవు" అని లెంపలు వాయించుకుంది. సరే, ఆ సెక్షను ఏమిటో చదివి చూద్దాం. పరాయివాడి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ళ దాకా జైలు. భర్త ఒప్పుకుంటే నేరం లేదు! పెళ్ళికాని పిల్లతోనో, భర్త పోయినావిడతోనో అయితే నేరం లేదు! మరి ఆ మగవాడి భార్య? ఆవిడ ఫిర్యాదు ఇవ్వడానికి వీల్లేదు. ఆవిడ పేరే ఆ కథలో లేదు.

ఇక్కడ బాధితుడెవరో చట్టం చాలా స్పష్టంగా తేల్చింది. సొత్తు పోయిన మొగుడు. పెళ్ళాం అంటే గొలుసులాంటిది, ఎవడో ఎత్తుకుపోయాడు, గొలుసుని శిక్షించరు కదా అన్న లెక్క!

చలంగారి 'మైదానం' మీలో చాలామంది దొంగచాటుగానో దర్జాగానో చదివే ఉంటారు. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోతుంది. దాదాపు నూరేళ్ళుగా ఆ నవల మీద తిట్లూ పొగడ్తలూ అన్నీ రాజేశ్వరి చుట్టూనే తిరిగాయి. అదే కథని 497వ సెక్షను చెబితే అమీర్ ముద్దాయి, వకీలుగారు బాధితుడు, రాజేశ్వరి ఎవరూ కాదు. తప్పు చేసిందని తిట్టడానికి కూడా ఆవిడ అందులో మనిషిగా లేదు. చలం మీద మీకెంత కోపమున్నా, ఆయన ఆవిణ్ణి మనిషిగా చూశాడని, చట్టం చూడలేదని ఒప్పుకోక తప్పదు.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. 1985లో ఈ సెక్షను చెల్లుతుందని తీర్పు చెప్పినవారు జస్టిస్ వై.వి.చంద్రచూడ్. 2018లో కొట్టేసిన అయిదుగురిలో ఒకరు ఆయన కొడుకు డి.వై.చంద్రచూడ్. తండ్రి మాట కొడుకు దాటితే మనం ఇంట్లో చిన్నబుచ్చుకుంటాం గాని, ఇది మనకి మేలైన దాటడమే. పక్కింటావిడకి నేను చెప్పినదీ ఇదే: "ఆ చట్టం మీ చేతికి ఎప్పుడూ కర్ర ఇవ్వలేదండీ. మీ చేతిలో ఉన్న హక్కు వేరే ఉంది. మొగుడు దారితప్పితే విడాకులు అడగచ్చు, భరణం అడగచ్చు. అవి ఎక్కడికీ పోలేదు." ఆవిడకి పూర్తిగా నచ్చలేదు గాని, ఆ సెక్షను కింద తాను కేసు పెట్టడానికే లేదని విన్నాక కాసేపు మాట్లాడలేదు.

ఇంతవరకూ చదివి, ఈవిడ అన్నిటినీ తీసెయ్యమంటుందని అనుకోకండి. నాలుగో కథ తాగుడు. దేశదేశాల పండితులు బాధితులు లేని నేరాల చిట్టా రాస్తే అందులో తాగుడు, జూదం తప్పకుండా ఉంటాయి. 'వాడి డబ్బు, వాడి ఒళ్ళు, మధ్యలో మీకేమిటి?' అని వాళ్ళ వాదన. ఆ పండితుడెవరో ఒక్క నెల మొదటి తారీఖున మన పనిమనిషి ఇంట్లో కూర్చుంటే బాగుండును! బియ్యం డబ్బా ఖాళీ, పిల్లాడి ఫీజు బాకీ, దవడ మీద వాపు. రెండో పాత్ర లేదంటారేమిటి? తలుపు వెనక ఉంది, వాళ్ళకి కనబడలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఆ రెండో పాత్రని బజారులోకి తీసుకొచ్చి నిలబెట్టారు. సారా అంగళ్ళు మూయించారు, వేలంపాటలు ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆ ఆడవాళ్ళు అంగడి తీసెయ్యమన్నారు. 1995 చట్టం అమ్మడంతో పాటు కొనడాన్నీ, తాగడాన్నీ కూడా నేరం చేసింది. తాగినవాడు జైలుకెళితే బెయిలుకి డబ్బు కట్టాల్సింది ఎవరు? మళ్ళీ ఆ ఇల్లాలే. పక్క రాష్ట్రాల నుంచి దొంగతనంగా మందు వచ్చింది. తాండూరులాంటి సరిహద్దు ఊళ్ళకి కర్ణాటక ఎంత దూరం? 1997లో నిషేధం సడలించేశారు. ఆడవాళ్ళు అడిగినది ఒకటి, చట్టం ఇచ్చినది ఇంకొకటి.

2021 జనవరిలో మన వికారాబాద్ జిల్లా పల్లెల్లో కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆస్పత్రి పాలయ్యారు. కల్తీ జరిగిందన్న అనుమానం వచ్చింది. కల్తీ నిజమైతే అక్కడ తాగినవాడు బాధితుడు, కలిపినవాడు నేరస్థుడు. శిక్ష ఎవరికి పడాలో చెప్పడానికి లా చదవక్కర్లేదు.

ఇంతకీ ఈ నాలుగు కథలూ చదివాక నాకు తోచినది చెబుతాను. బాధితులు లేరని ఎవరైనా అంటే వెంటనే నమ్మెయ్యకూడదు. ముందు ఆ ఇంటి వంటింట్లోకి వెళ్ళి చూడాలి. అక్కడ ఎవరో ఏడుస్తూ ఉంటే, ఈ శిక్ష వల్ల ఆవిడకి ఒక ముద్ద అన్నమైనా ఎక్కువ దొరుకుతుందా అని అడగాలి. ఎవరూ ఏడవకపోతే ఆ సెక్షన్ని చెరిపెయ్యాలి. చెరిపేస్తే అడ్డూ అదుపూ పోతుందన్న భయం వద్దు. పోలీసు వెళ్ళిపోయాక కూడా 'తప్పు' అన్న మాట మన దగ్గరే ఉంటుంది. దాన్ని చెప్పడానికి అమ్మలున్నారు, అమ్మమ్మలున్నారు, స్నేహితులున్నారు.

చెరిపేసిన చోట ఖాళీ వదిలెయ్యడం మాత్రం సరికాదు. ఆసరా పింఛను సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. నపుంసకుల చట్టం కొట్టేసిన జడ్జీలు పింఛను ఇమ్మన్నారు. 309ని పక్కకి నెట్టిన చట్టం వైద్యం చేయించమంది. 497 పోయినా భరణం ఉంది. నేరం అన్న మాట కొట్టేసిన ప్రతి చోటా పక్కన ఇంకేదో రాయాల్సి వచ్చింది. ఆ రాసినదానికి మన భాషలో పేరుంది. పిల్లలు కూడా అనగల మాట అది. పాపం అన్న మాటకి ఉన్న ఆ రెండో అర్థం.

పింఛను కాగితాల మీద కలెక్టరుగారు సంతకం పెడతారు. ఆస్పత్రిలో డాక్టరుగారు మందు రాస్తారు. పక్క వాటాలో కొత్తగా దిగిన హిజ్రాకి ఇల్లు అద్దెకివ్వొచ్చా కూడదా, నెల రోజుల కిందట ఆస్పత్రి నుంచి వచ్చిన ఎదురింటి కోడల్ని పేరంటానికి పిలవొచ్చా కూడదా అన్నది మాత్రం ఏ కోర్టూ తేల్చదు. అది మన ఇంటి గుమ్మం దగ్గర, కుంకుమభరిణె చేతిలో పట్టుకుని మనమే తేల్చాలి.